ఎక్సెప్షన్ క్లాసులు ఎన్ని రాయాలో పట్టుకునే చోటుని అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గుంటూరులో సివిల్‌లో రీసెర్చ్ చేస్తున్నారు. పులిచింతల నుంచి ప్రకాశం బ్యారేజీ దాకా వరద ఎంత వస్తుందో, ఎప్పటికి వస్తుందో లెక్కగట్టే ప్రోగ్రామ్ పైథాన్‌లో రాస్తున్నారు. మొదట్లో ఎక్కడ పడితే అక్కడ ట్రై–ఎక్సెప్ట్, అంటే తప్పు వస్తే పట్టుకునే బ్లాకులు, పెట్టేశారు. మీ గైడ్ గారు చూసి సొంత ఎక్సెప్షన్ క్లాసులు, అంటే ఫలానా తప్పు జరిగిందని కబురు పంపే రకాలు, రాసుకోమన్నారు. కూర్చుని 34 రాశారు. ఇప్పుడు ఏది ఎక్కడ రైజ్ చేయాలో (లేపాలో), ఏది ఎక్కడ పట్టుకోవాలో మీకే తికమకగా ఉంది. ఎన్ని ఉండాలి, ఏ లెక్కన విడగొట్టాలి అని అడిగారు.

నేనుండేది విజయవాడలో. పద్దెనిమిదేళ్లుగా నదుల మోడళ్ల కోడ్ రాయడం, వేరేవాళ్లు రాసింది బాగుచేయడం నా పని. మీరు పడుతున్న తికమక నేనూ పడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. పైన ఒక తల్లి క్లాసు, దాని కింద మూడు. ప్రస్తుతానికి మీకు ఇంతకు మించి అవసరం లేదు. పట్టుకునే చోట చేసే పని వేరైతేనే వేరే క్లాసు రాయండి. పని ఒకటే అయితే, తప్పు ఎన్ని రకాలుగా వచ్చినా క్లాసు ఒకటే చాలు.

మీ జాబితాలో ఫైలు దొరక్కపోతే ఒకటి, కాలమ్ లేకపోతే ఒకటి, తేదీ తప్పుంటే ఒకటి, వర్షపాతం మైనస్‌లో ఉంటే ఒకటి ఉన్నాయి. ఈ నాలుగూ వచ్చినప్పుడు మీ ప్రోగ్రామ్ ఏం చేస్తోంది? ఫలానా ఫైలు సరిచేసి మళ్లీ నడపండి అని చెప్పి ఆగిపోతోంది. నాలుగింటికీ మందు ఒకటే. అలాంటప్పుడు నాలుగు పేర్లెందుకు? తేడా మెసేజ్‌లోనూ, లోపల మోసే వివరాల్లోనూ ఉంటే సరిపోతుంది.

మీది గుంటూరు కాబట్టి మిర్చి యార్డు గుర్తుచేస్తాను. కాయ గ్రేడింగ్ చేసేవాళ్లు అది ఏ చేలో, ఏ సాలులో కాసిందని అడగరు. తేమ ఉన్న కాయ మళ్లీ ఆరబోతకు వెళ్తుంది. తాలు కాయ పక్క కుప్పలోకి వెళ్తుంది, దాని ధర వేరు. మంచి కాయ టిక్కీల్లోకి, అంటే బస్తాల్లోకి ఎక్కుతుంది. ఎక్కడికి వెళ్లాలన్నదాన్ని బట్టి కుప్ప. మన తప్పుల్నీ అలాగే వేరుచేయాలి.

ఆ లెక్కన మూడు కుప్పలు. మొదటిది ఇన్‌పుట్ ఎర్రర్. దీన్ని మనిషే సరిచేయాలి, ప్రోగ్రామ్ ఎన్నిసార్లు ప్రయత్నించినా లాభం లేదు. రెండోది సాల్వర్ ఎర్రర్. లెక్క ఒక కొలిక్కి రాలేదు, ఇటరేషన్లు అయిపోయాయి. టైమ్ స్టెప్ సగం చేసి మళ్లీ నడిపితే రావచ్చు, అంటే ఇది తేమ కాయ. మూడోది బ్యాలెన్స్ ఎర్రర్. లెక్క పూర్తయింది, జవాబూ వచ్చింది, కానీ లోపలికి వచ్చిన నీటికీ, బయటికి పోయినదానికీ, మధ్యలో నిల్వ ఉన్నదానికీ పొంతన లేదు. ఆ జవాబు ఎవరి చేతికీ వెళ్లకూడదు. అక్కడికక్కడే ఆగాలి, మళ్లీ ప్రయత్నించడం కూడా వద్దు.

ఇక కీఎర్రర్, టైప్‌ఎర్రర్, ఆట్రిబ్యూట్‌ఎర్రర్ లాంటివి మీ కోడ్‌లో తప్పున్నప్పుడు వస్తాయి. వాటికి క్లాసు రాయొద్దు, పట్టుకోనూ వద్దు. ప్రోగ్రామ్ పడిపోయి ట్రేస్‌బ్యాక్ (తప్పు ఏ లైన్లో వచ్చిందో చూపే జాబితా) కనిపించడమే మీకు మేలు.

ఒక సంగతి చెబుతాను, ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో తెలుస్తుంది. చాలా ఏళ్ల కిందట ఒక ఆగస్టులో, నేను పనిచేస్తున్న చోట రాత్రికి రెండొందల రన్‌లు పెట్టి ఇంటికెళ్లాం. పొద్దున ఆరింటికి వచ్చి చూస్తే అన్నీ పూర్తయ్యాయి, ఒక్క ఎర్రర్ కూడా లేదు. మున్నేరు వైపు నుంచి వచ్చే పీక్ చాలా తక్కువగా ఉంది. ఆ అంకెనే ఫోన్లో చెప్పేశాం. పదకొండు గంటలకు అసలు నీటిమట్టం చూస్తే మేం చెప్పినదానికంటే బాగా పైనుంది. అందరం కూర్చుని వెతికాం. ఎగువన ఒక వర్షమాపకం అర్ధరాత్రి నుంచి తొమ్మిది గంటలపాటు పనిచేయలేదు. ఫైల్లో ఆ తొమ్మిది గంటలకూ మైనస్ 999 అని పడింది. మా కోడ్ దాన్ని సరిగ్గానే గుర్తించి ఖాళీగా, అంటే నాన్‌గా మార్చింది. ఆ తర్వాతి లైన్ గంటల వానని మూడేసి గంటలకి కూడింది. విలువలన్నీ నాన్ అయినప్పుడు వాటి మొత్తం ఎంతంటే పాండాస్ (పట్టికల డేటా చూసే పైథాన్ లైబ్రరీ) సున్నా అంటుంది. తొమ్మిది గంటల కుంభవృష్టి మా మోడల్‌కి చినుకు పడని రాత్రి అయిపోయింది. ఏ వాన దెబ్బకి ఆ పరికరం ఆగిందో ఆ వానే మా లెక్కలో లేదు.

దానికి మందు చిన్నదే. ఆ సమ్ ఫంక్షన్‌కి మిన్ కౌంట్ అనే ఆర్గ్యుమెంట్ 1 అని ఇస్తే మొత్తం నాన్‌గా వస్తుంది. ఆ ఒక్క లైన్ మార్చి ఊరుకుంటే మాత్రం రేపు ఇంకో ఫంక్షన్‌లో అదే జరుగుతుంది. అందుకే ఆ రోజు నుంచి నా కోడ్‌లో డేటా లోపలికొచ్చే గుమ్మం దగ్గరే కాపలా పెట్టాను. ఖాళీలు ఎన్ని ఉన్నాయి, వరసగా ఎన్ని గంటలు ఉన్నాయి అని అక్కడే చూసి, హద్దు దాటితే ఇన్‌పుట్ ఎర్రర్ రైజ్ చేస్తాను. గుమ్మం దాటి లోపలికొచ్చిన డేటాని లోపలి ఫంక్షన్లు నమ్మొచ్చు. దీనివల్ల లోపల ట్రై–ఎక్సెప్ట్‌లు ముప్పాతిక భాగం అవసరం లేకుండా పోతాయి.

ఈ కాపలా రాసేటప్పుడు దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. "వాన సున్నా కంటే తక్కువైతే రైజ్ చేయి" అని రాస్తారు. నాన్‌ని తక్కువా, ఎక్కువా, సమానమా అని దేంతో పోల్చినా జవాబు ఫాల్స్. నాన్ సున్నా కంటే తక్కువా? ఫాల్స్. ఎక్కువా? ఫాల్స్. తనతో తను సమానమా? అదీ ఫాల్సే. కాబట్టి మీ కాపలా ముందునుంచే నాన్ లోపలికి నడిచిపోతుంది. షరతు తిరగేసి రాయండి: "వాన సున్నా లేదా అంతకంటే ఎక్కువ అన్నది నిజం కాకపోతే రైజ్ చేయి". ఇలా రాస్తే మైనస్ విలువా దొరుకుతుంది, నాన్ కూడా దొరుకుతుంది.

అంకెల లెక్కల లైబ్రరీ నంపై గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మామూలుగా నంపైలో సున్నాతో భాగిస్తే వార్నింగ్ ఇచ్చి ముందుకెళ్లిపోతుంది. ఎర్‌స్టేట్ అనే బ్లాక్‌లో పెట్టి డివైడ్, ఇన్‌వాలిడ్, ఓవర్ ఈ మూడింటినీ రైజ్ అని పెడితే ఫ్లోటింగ్‌పాయింట్‌ఎర్రర్ వస్తుంది. అండర్ అన్నదాన్ని మాత్రం వదిలేయండి. మరీ చిన్న అంకెలు సున్నాలో కలిసిపోవడం వరద లెక్కల్లో సహజం, దానికి ప్రోగ్రామ్ ఆపక్కర్లేదు. ఇంకో జాగ్రత్త: ఎర్‌స్టేట్ నాన్ పుట్టిన క్షణాన్నే పట్టుకుంటుంది. ఫైల్లోంచి నాన్‌గానే వచ్చినదాన్ని కూడినా, గుణించినా కిక్కురుమనదు. గుమ్మం కాపలా ఎలాగూ తప్పదన్నమాట.

మైనస్ 999 గురించి ఇంకొంచెం. డేటా నడిచే దారిలోనే తప్పుల సమాచారాన్ని కూడా పంపడం ఎంత ప్రమాదమో 1996 జూన్ 4న ప్రపంచమంతా చూసింది. ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం అది. 64 బిట్ల దశాంశ విలువని 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే పట్టలేదు. అక్కడ లేచిన ఎక్సెప్షన్‌ని పట్టుకునే ఏర్పాటు లేదు. ఏరియన్ 4 కోసం రాసిన కోడ్‌నే ఇందులో వాడారు, ఆ పాత రాకెట్ దారిలో ఆ విలువ అంత పెద్దది కాదు. దిశ చెప్పే కంప్యూటర్ ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండోది అదే కోడ్‌తో నడుస్తోంది కాబట్టి అదీ అంతకుముందే ఆగిపోయింది. ఆగిపోతూ పంపిన డయాగ్నస్టిక్ బిట్లని ప్రధాన కంప్యూటర్ మామూలు ప్రయాణ డేటా అనుకుని నాజిల్స్‌ని తిప్పేసింది. 40 సెకన్ల లోపే రాకెట్ ముక్కలైంది. నేను ఆ రిపోర్టు చదివినప్పుడు నా కళ్ల ముందు మెదిలింది మా వర్షమాపకం ఫైలే. నీటి అంకెలు ఉండాల్సిన కాలమ్‌లో "నేను పనిచేయడం లేదు" అన్న మాటని అంకెగా రాస్తే, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని నీళ్లనే అనుకుంటారు. మీ ఫంక్షన్లు తప్పు జరిగిందని చెప్పడానికి మైనస్ 1, మైనస్ 999 లాంటివి తిరిగి ఇస్తుంటే ఈ రోజే మానేయండి. ఎక్సెప్షన్ ఉన్నదే ఆ కబురు వేరే దారిలో పంపడానికి.

ఇప్పుడు క్లాసు లోపల ఏముండాలి. మీరు పంపిన ముక్కలో మెసేజ్ ఇలా ఉంది: "మస్కింగమ్ పారామీటర్లు సరిగా లేవు". మస్కింగమ్ అంటే నదిలో ఒక ముక్క (రీచ్) పైనుంచి కిందికి వరద ఎలా సాగుతుందో లెక్కగట్టే పద్ధతి. అందులో కే ఆ ముక్క దాటడానికి పట్టే సమయం, ఎక్స్ ఎగువ ప్రవాహానికి ఇచ్చే బరువు. రాత్రి రెండింటికి ఈ మెసేజ్ చూసినవాళ్లు ఏం చేయాలి? నేనైతే ఇలా రాస్తాను: "రీచ్ 3: కే 12 గంటలు, ఎక్స్ 0.2, టైమ్ స్టెప్ 1 గంట. టైమ్ స్టెప్ కనీసం 4.8 గంటలు ఉండాలి, లేదా రీచ్‌ని 5 భాగాలు చేయాలి." ఆ 4.8 ఎక్కడిదో మీకు తెలుసు, రెండింతల కే ఇంటూ ఎక్స్. టైమ్ స్టెప్ అంతకంటే చిన్నదైతే మొదటి గుణకం మైనస్‌లోకి పోతుంది. ఈ విలువలకి సుమారు మైనస్ 0.19 వస్తుంది. అప్పుడు ఎగువన వరద పెరగడం మొదలైన గంటలోనే దిగువన ప్రవాహం తగ్గినట్టు గ్రాఫ్ చూపిస్తుంది. ఎక్స్ అలాగే ఉంచి రీచ్‌ని ఐదు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకి కే 2.4 గంటలు, రెండింతలు ఇంటూ 0.2 అంటే 0.96. గంట స్టెప్‌కి సరిపోతుంది. ఈ లెక్కంతా రైజ్ చేసే చోట మీ చేతిలోనే ఉంది. అక్కడ రాయకపోతే తర్వాత చూసినవాళ్లు మళ్లీ మొదట్నుంచి చేసుకోవాలి.

రీచ్ నంబరు, కే, ఎక్స్, టైమ్ స్టెప్ ఇవన్నీ మెసేజ్‌లో కలిపేసి ఊరుకోకండి, ఎక్సెప్షన్ ఆబ్జెక్టు మీద విడివిడి ఫీల్డులుగా పెట్టండి. పట్టుకున్న కోడ్ ఆ ఫీల్డు చూసి రీచ్‌ని తనే విడగొట్టగలదు. మెసేజ్‌ని ముక్కలు చేసి అంకెలు ఏరుకునే కోడ్, మెసేజ్‌లో ఒక కామా మారినా పడిపోతుంది. టెస్టులు కూడా ఫీల్డుల మీదే రాయండి. విలువ పక్కన యూనిట్ తప్పకుండా ఉండాలి. మన దగ్గర సగం ఫైళ్లు క్యూసెక్కుల్లో, సగం క్యూమెక్కుల్లో ఉంటాయి. ఒక క్యూమెక్కు అంటే 35.31 క్యూసెక్కులు. యూనిట్ లేకుండా "ప్రవాహం 28,000" అని మెసేజ్ వస్తే అది మామూలు రోజో మహా వరదో చెప్పలేం.

ఫీల్డులు పెట్టేటప్పుడు ఒక గొయ్యి ఉంది, నేను దాంట్లో రెండు రోజులు పడున్నాను. ఇనిట్‌లో (ఆబ్జెక్టుని కట్టే మెథడ్‌లో) స్టేషన్, సమయం, విలువ తీసుకుని, వాటితో మెసేజ్ తయారుచేసి, ఆ మెసేజ్ ఒక్కదాన్నే సూపర్ ఇనిట్‌కి పంపుతాం. చూడ్డానికి చక్కగా ఉంటుంది, ఒక్క ప్రాసెస్‌లో బాగానే నడుస్తుంది. ఒకేసారి చాలా ప్రాసెస్‌లు నడిపే మల్టీప్రాసెసింగ్ పూల్‌లో రన్‌లు పెట్టిన రోజు కథ మారుతుంది. పిల్ల ప్రాసెస్‌లో లేచిన ఎక్సెప్షన్ పికిల్ అయి (బైట్లుగా మారి) తల్లి ప్రాసెస్‌కి వస్తుంది. అక్కడ పైథాన్ దాన్ని మళ్లీ కట్టేటప్పుడు ఆర్గ్స్‌లో ఉన్నవాటితో ఇనిట్‌ని పిలుస్తుంది. ఆర్గ్స్‌లో ఉన్నది మెసేజ్ ఒక్కటే, ఇనిట్ అడిగేవి మూడు. టైప్‌ఎర్రర్. అది ఫలితాలు అందుకునే థ్రెడ్‌లో పడటంతో ఆ థ్రెడ్ చచ్చిపోతుంది, పూల్ మొత్తం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. స్క్రీన్ మీద ఆ థ్రెడ్ ట్రేస్‌బ్యాక్ ఒక్కటి పడుతుంది, ప్రోగ్రామ్ మాత్రం ఆగదు. ఆ ట్రేస్‌బ్యాక్‌ని గమనించకపోతే లెక్క పెద్దదేమో అని మనం టీ తాగి వస్తాం, భోజనం చేసి వస్తాం, అది కదలదు. మూడు విలువల్నీ అదే వరుసలో సూపర్ ఇనిట్‌కి పంపండి, మెసేజ్‌ని స్ట్రింగ్ మెథడ్‌లో తయారుచేయండి. కీవర్డ్‌తో మాత్రమే తీసుకునేలా ఇనిట్ రాసుకుంటే ఆబ్జెక్టుని మళ్లీ ఎలా కట్టాలో చెప్పే రెడ్యూస్ మెథడ్ మీరే రాయాలి. ఏదైనా సరే, ప్రతి క్లాసుకీ పికిల్ చేసి, మళ్లీ విప్పి, ఫీల్డులు సరిగ్గా ఉన్నాయా అని చూసే మూడు లైన్ల టెస్టు పెట్టండి.

మీ కోడ్‌లో నన్ను ఎక్కువ భయపెట్టింది క్యాలిబ్రేషన్ ఫైలు. పారామీటర్లు వెతికే ఆప్టిమైజర్ మీ మోడల్‌ని వేలసార్లు పిలుస్తుంది. కొన్ని పారామీటర్లకి లెక్క కుదరదు, అది మామూలే. అలాంటప్పుడు పెద్ద పెనాల్టీ అంకె తిరిగి ఇచ్చి ఆప్టిమైజర్‌ని వేరే వైపు పంపడం సరైన పద్ధతే. కానీ మీరక్కడ రాసింది "ఏ ఎక్సెప్షన్ వచ్చినా వెయ్యి కోట్లు తిరిగి ఇవ్వు" అని. రేపు మీరు ఒక కాలమ్ పేరు మార్చారనుకోండి. ప్రతి పిలుపులోనూ కీఎర్రర్, ప్రతిసారీ వెయ్యి కోట్లు. అన్ని చోట్లా విలువ ఒకటే కాబట్టి ఇక మెరుగుపడేది లేదని ఆప్టిమైజర్ ఆగిపోతుంది, విజయవంతంగా పూర్తయిందని కూడా చెప్పొచ్చు. మీరిచ్చిన మొదటి పారామీటర్లే బెస్ట్ అని రిపోర్టులోకి ఎక్కుతాయి. కంచే చేను మేయడం అంటే ఇదే. అక్కడ సాల్వర్ ఎర్రర్ ఒక్కదాన్నే పట్టుకోండి. మొత్తం పిలుపుల్లో ఎన్ని పెనాల్టీలు పడ్డాయో లెక్కపెట్టి చివర్లో ప్రింట్ చేయండి. సగానికి పైగా పెనాల్టీలే అయితే ఆ క్యాలిబ్రేషన్‌ని నేను నమ్మను.

శాస్త్రీయ లెక్కల లైబ్రరీ సైపై వాడుతున్నారు కాబట్టి ఒక మాట. దాంట్లో అన్నీ ఒకేలా చెప్పవు. ఫంక్షన్ ఎక్కడ సున్నా అవుతుందో వెతికే బ్రెంట్‌క్యూకి ఇచ్చిన రెండు కొసల్లో ఫంక్షన్ గుర్తు ఒకటే అయితే వాల్యూఎర్రర్ వస్తుంది. అవకలన సమీకరణాలు సాధించే సాల్వ్ ఐవీపీ మాత్రం లెక్క మధ్యలో ఆగిపోయినా ఎక్సెప్షన్ ఇవ్వదు, ఫలితంలో సక్సెస్ అనే ఫీల్డు ఫాల్స్ అని పెట్టి అప్పటిదాకా చేసిన లెక్కని ఇస్తుంది. మీరు దాన్ని చూడటం లేదు, నేరుగా వై అనే ఫీల్డు తీసుకుంటున్నారు. ఇలాంటి ప్రతి పిలుపునీ మీ సొంత చిన్న ఫంక్షన్‌లో చుట్టి, లోపల ఏ పద్ధతిలో చెప్పినా బయటికి మీ సాల్వర్ ఎర్రరే వచ్చేలా చేయండి. మార్చేటప్పుడు రైజ్ ఫ్రమ్ వాడండి, అసలు కారణం ట్రేస్‌బ్యాక్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. పైథాన్ 3.11 గానీ ఆపైది గానీ వాడుతుంటే యాడ్ నోట్ కూడా ఉంది. పై పొరలో పట్టుకుని "ఇది 137వ రన్" అని నోట్ తగిలించి మళ్లీ అదే ఎక్సెప్షన్‌ని వదలొచ్చు, కొత్త క్లాసు అక్కర్లేదు.

చిన్నవి మూడు. తల్లి క్లాసుని ఎక్సెప్షన్ నుంచే తీసుకోండి, బేస్‌ఎక్సెప్షన్ నుంచి వద్దు. పేరు లేని ఉత్త ఎక్సెప్ట్ ఎక్కడున్నా తీసేయండి, అది కంట్రోల్ సీని కూడా మింగేస్తుంది. మీ ఇన్‌పుట్ ఎర్రర్‌ని తల్లి క్లాసుతో పాటు వాల్యూఎర్రర్‌కి కూడా వారసురాలిని చేస్తే, ఇప్పటికే వాల్యూఎర్రర్ పట్టుకుంటున్న మీ ల్యాబ్ స్నేహితుల కోడ్ చెడిపోదు.

ఇక మీ 34లో "నీటి ప్రవాహం మరీ ఎక్కువ" అనే క్లాసు ఉంది, పది లక్షల క్యూసెక్కులు దాటితే రైజ్ అవుతుంది. అంత నీరు రాదు, వచ్చిందంటే డేటా తప్పే అని మీ ఉద్దేశం కావచ్చు. 2009 అక్టోబరులోనే బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల దరిదాపుల్లో ప్రవహించింది. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. ఆ రెండు రోజులూ మీ ప్రోగ్రామ్ నడుస్తూ ఉంటే, అది ఎందుకోసం పుట్టిందో ఆ రోజే ఎర్రర్ ఇచ్చి పడుకునేది. జరగడానికి వీల్లేనిది వేరు, ఎప్పుడూ చూడనిది వేరు. వర్షపాతం మైనస్‌లో ఉండటానికి వీల్లేదు, అది ఎక్సెప్షన్. ప్రవాహం ఇదివరకటి రికార్డు దాటడం వీలయ్యే పనే, దానికి వార్నింగ్ ఇచ్చి, లాగ్‌లో రాసి, లెక్క ఆపకుండా ముందుకెళ్లాలి. మిగతా క్లాసుల్ని కలపడానికి వారం పట్టినా ఫర్వాలేదు. ఈ ఒక్కదాన్ని ఈ రాత్రికే తీసేసి, దాని స్థానంలో వార్నింగ్ పెట్టండి.